ఖాళీ గడి

'రోజు' అనే గడి ఖాళీగా ఉండటంతో కంప్యూటర్ తెర మీద మళ్ళీ ఎర్రగీత వచ్చింది.

"తేదీ చెప్పు తాతా!" ప్రిన్స్ విసుక్కున్నాడు.

బంగారు గనిలో చనిపోయినవాళ్ళ పేర్లు చదివి, చాంపియన్ రీఫ్స్ చర్చిలో ఆదివారం ప్రార్థన చేస్తారు. పేర్లు ఎక్కించే వెబ్ పేజీని ప్రిన్సే తయారుచేశాడు. రోజు, నెల, సంవత్సరం - మూడు గడులు. మూడూ కలిసి ఒక తేదీ అయితేనే పేరు ఎక్కుతుంది.

నంగలి నుంచి వచ్చిన ముసలాయన బల్ల ముందు నిలబడే ఉన్నాడు.

"నెల, సంవత్సరం చెప్పినాను గదప్పా. రోజే తెలీదు. రాళ్ళు కూలినాక కూడా లోపల కొన్నాళ్ళు బతికే ఉండినాడు మా తమ్ముడు."

"అయితే ఏదో ఒక రోజు వేసేస్తా."

"వద్దప్పా. బతికుండిన రోజును చచ్చిన రోజని రాస్తే ఎట్ల?"

వెనక నిలబడ్డవాళ్ళు గొణుగుతున్నారు.

"సొంత తమ్ముడు ఏరోజు పోయినాడో తెలీదా? నువ్వేం అన్నయ్యవు తాతా!"

ఎవరో కిసుక్కున నవ్వారు.

ముసలాయన తల వంచుకున్నాడు. "నిజమేనప్పా" అన్నాడు. తర్వాత తలెత్తి, "నువ్వు ఎవరి పిల్లోడివి?" అని అడిగాడు.

"అదంతా ఇప్పుడెందుకు? పక్కకు జరుగు. ఇంగెవరు?"

రోజు లేకపోయినా పేరు తీసుకునేలా పేజీని మార్చడం ప్రిన్స్‌కు పెద్ద పని కాదు. అది అతనికీ తెలుసు. అయినా మార్చలేదు.

ఆదివారం ఫాదర్ పేర్లు చదువుతుంటే ముసలాయన వెనక గోడ దగ్గర నిలబడి విన్నాడు. ఒక్కో పేరుకూ తల ఎత్తాడు. చివరి పేరు అయిపోయాక కూడా అలాగే చూస్తూ ఉండిపోయాడు.

తర్వాత మెల్లగా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ప్రిన్స్ చూపు తిప్పుకున్నాడు. ఆరోజు వినిపించిన నవ్వు అతని చెవుల్లో మళ్ళీ మోగింది.

అమ్మ సెలీన్ మాత్రం ముసలాయన వెనకే పరుగెత్తింది. బస్సు అందక రొప్పుతూ తిరిగొచ్చింది.

"ఆంథోనీ పెదనాయనరా ఆయన! మీ తాత, అదే మా నాయన, పోయిన దినం వచ్చినాడు, మళ్ళీ ఇదే నేను చూసేది. నువ్వప్పుడు నా ఒళ్ళో పిల్లోడివి. ఆయన తమ్ముడి పేరు చదవలేదే, ఎందుకు?"

"రోజు తెలీదన్నాడమ్మా..."

ప్రిన్స్ తాను అన్న మాట కూడా దాచకుండా చెప్పేశాడు.

సెలీన్ చర్చి మెట్ల మీద కూలబడింది.

"గనిలో రాళ్ళు కూలిన దినం మీ తాత కూడా లోపలే చిక్కుకున్నాడురా. అప్పటికి నేనింకా పుట్టనే లేదు. రెండు పక్కలనుంచీ రాయి మీద కొట్టే చప్పుడు వినిపించిందంట. ఒక పక్క మీ తాత, ఇంగో పక్క ఆయన తమ్ముడు. రెండు పక్కలా తవ్వేదానికి మనుషులు చాల్లేదు."

"మరి?"

"తాత కొట్టే చప్పుడు నీరసంగా ఉండాదని, ఆయన ముందు ఇటే తవ్వినాడు. దానికే కొన్ని దినాలు పట్టిందంట."

ప్రిన్స్ తల ఎత్తలేకపోయాడు.

"తాతను పైకి పంపించి అటు పరిగెత్తేసరికి ఆ పక్క చప్పుడే లేదు. అది ఏరోజు ఆగిపోయిందో ఆయనకు తెలీలేదురా."