పట్టిసీమ సిగ్నల్

సాయంత్రం ఏడింటిలోగా యాంటెనా పైకి లేవాలి. గంగాధర్ తలలో అదొక్కటే ఉంది.

పొద్దున్నే పట్టిసీమ నుంచి స్నేహితుడి భార్య హేమశ్రీ ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, రేపు చుట్టాలొస్తున్నారండి. రేడియో గది ఖాళీ చెయ్యాలి. సాయంత్రం ఏడింటికి మిషను తీయించేస్తానండి."

"అప్పటిదాకా ఆపకమ్మా."

ఆమె భర్త రాజరత్నం, గంగాధర్ రాజమండ్రి పాలిటెక్నిక్‌లో ఒకే బెంచీ. ఇద్దరికీ సరదాగా నడుపుకునే హామ్ రేడియో లైసెన్సులున్నాయి. రాజరత్నానికి లాంగ్‌వేవ్ అనే పొడవాటి రేడియో తరంగాలంటే పిచ్చి. రెండేళ్లుగా అతని మిషను దానంతటదే చుక్కలూ గీతలుగా మూడక్షరాలు పంపుతోంది. ఆర్, ఏ, జె. చెవికి అందనంత నెమ్మది. కంప్యూటర్ తెర మీద చూడాల్సిందే. "ఒక్కసారి పట్టుకుని చెప్పరా" అని రాజరత్నం అడగడం, "వచ్చే ఆదివారం యాంటెనా కడతాన్రా" అని గంగాధర్ అనడం. అలా ఎన్నో ఆదివారాలు వెళ్లిపోయాయి.

ఇవాళ మంగళవారం. సెలవు పెట్టాడు. యాంటెనాకి తగిలించడానికి నాలుగంగుళాల పైపు మీద రాగితీగ మూడొందల చుట్లు చుట్టాడు. రెండుసార్లు లెక్క తప్పింది. విసుగు కూడా రాలేదు. మళ్లీ మొదలుపెట్టాడు. వేలు తెగినా తెలియలేదు. భార్య నాగదుర్గే రక్తం చూసి గుడ్డ కట్టింది.

"రెండు ముద్దలు తినండి. రేపు కట్టుకోవచ్చు కదండీ."

"రేపుండదు."

కొబ్బరి దింపులు తీసే చిట్టియ్య చెట్టెక్కి యాంటెనా తీగ కొస కట్టాడు. "ఇంత ఎత్తున బట్టలెలా ఆరేస్తారండి బాబూ?" అని పైనుంచి అరిచాడు. గంగాధర్ నవ్వలేదు. రెండో కొస మేడ మీదున్న రాగి చుట్టకీ, ఎర్తు తీగ బోరు గొట్టానికీ బిగించాడు.

ఆరయింది. రేడియోకి కలిపిన కంప్యూటర్ తెరంతా ఇసుక చల్లినట్టుంది. కదలకుండా కూర్చున్నాడు. ఆరుంపావుకి సన్నగా ఏదో తేలింది. చుక్క. గీత. చుక్క. ఆర్. తర్వాత ఏ. ఏడుకి పది నిమిషాలుందనగా జె పూర్తయింది.

"వచ్చిందా అండీ?" అంది నాగదుర్గ.

తలూపాడు. ఫోన్ తీసి రాజరత్నానికి 'పట్టుకున్నాన్రా' అని మెసేజ్ పెట్టాడు. ఒకటే టిక్కు పడింది.

రాజరత్నాన్ని గోదావరి ఒడ్డున దహనం చేసి ఆ సాయంత్రానికి తొమ్మిది రోజులు.