హెడ్డుగారి ఊలు

హెడ్డు కానిస్టేబులు ఊలు చుట్టను అరుగు మీద పడేసి, అడక్కుండానే నులక మంచం వాల్చుకుని కూర్చున్నాడు.

"ఇంద్రమ్మా, మాసిన తెల్ల ఊలు. మంచి పసుపు రంగెక్కియ్యి. మా పాపకు టోపీ అల్లాలె."

"కొత్త ఊలు దొరకలేదా సారూ?"

"కోరుట్ల అంగడిల పాత స్వెటర్ దొరికింది. మా ఆమె ఇప్పి, సబ్బు పెట్టి మస్తు ఉతికింది. ఇప్పుతుంటె ఒక్క ముడి సుత తగల్లేదట!"

అల్లికలో ఇంద్రమ్మది సిరిసిల్లలో పేరున్న చెయ్యి. అయినా ఆయన టోపీ కోసమే రాలేదని ఆమెకు తెలుసు. ఏ వంకతో వచ్చినా ఆ మనిషి చివరికి ఆమె కొడుకు ఎల్లేశం ఊసు దగ్గరికే వచ్చి ఆగుతాడు. పొయ్యి మీద గిన్నె పెట్టి, నీళ్లలో గుప్పెడు పసుపు వేసి, ఊలు ముంచింది.

"నీ కొడుకేడున్నడు?"

"భీవండిల సారూ. బట్టల మిల్లుల సాంచాలు నడుపుతున్నడు."

"పోయిన నెల అడివిల కాల్పులైనయి. ఒక పిలగాని మొకం గుర్తుపట్టరాకుంట పోయింది. ఆడెవడో ఇప్పటికీ తెల్వది." హెడ్డు ఆమెనే చూస్తున్నాడు. "నీకేం భయం? నీ కొడుకు భీవండిలనే ఉన్నడాయె."

"అవ్ సారూ, ఆడనే ఉన్నడు. చలికి ఆగుతడని నేనల్లిన స్వెటర్ సుత తీస్కపోయిండు."

"భీవండిల చలెక్కడిది?"

ఇంద్రమ్మ నాలుక కరుచుకుంది. ఇన్నాళ్లు కాపాడుకొచ్చిన అబద్ధం, కొడుకు అడవిలో చలికి వణుకుతాడేమోనన్న బెంగ దగ్గర జారిపోయింది.

"వానలు పడ్తయి గదా సారూ..." అని గొణిగింది. హెడ్డు నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు.

కాసేపటికి ఊలును కట్టెతో పైకెత్తింది. బంతిపువ్వులా మెరుస్తోంది. కానీ అక్కడక్కడా ఎర్రటి మరకలు తేలాయి.

హెడ్డు మంచం మీది నుంచి ఎగిరి లేచాడు. "రక్తం! ఇంకా పోలేదా?"

"రక్తమెక్కడిది సారూ? సబ్బు సరిగ పోలే. పసుపుకు సబ్బు తగిల్తె ఎర్రగైతది. చింతపులుసు పోస్తె మళ్ల మామూలైతది."

వంటింట్లో నానేసిన చింతపండును పిసికి, ఆ పులుసు ఊలు మీద పోసింది. ఎరుపు విరిగి పసుపు తిరిగొచ్చింది. హెడ్డు ఊపిరి పీల్చుకుని మళ్లీ మంచం మీద కూలబడ్డాడు.

చుట్ట లోపల ఒకచోట మాత్రం మరక పోలేదు. మళ్లీ పులుసు పోసింది. నలిపింది. కదలలేదు. 'ఇంకా పోలేదా' అన్న హెడ్డు మాట అప్పుడు గుచ్చుకుంది. అంగడిలో కొన్న స్వెటర్‌కు రక్తం ఉంటుందని ఈయనకు ఎట్లా తెలుసు?

నలుపుతున్న వేళ్లకు ఏదో మందంగా తగిలింది. వెలుతురుకు పట్టి చూసింది. రెండు ఊలు కొసలు. ముడి లేదు. ఒకదాని మీద ఒకటి పెట్టి, సన్నటి నూలు పోగు చుట్టి, పురి వేసి కలిపారు. ఊలు అల్లేవాళ్లందరూ ముడి వేస్తారు. మగ్గం మీద తెగిన పోగును అతికినట్టు ఊలును అతికే చెయ్యి ఆ ఊరు మొత్తానికి ఒక్కటే ఉంది. అది ఇప్పుడు చింతపులుసుతో తడిసి ఉంది.

"ఏమాయె ఇంద్రమ్మా, అట్ల నిలవడ్డవు?" హెడ్డు లేచి టోపీ సర్దుకున్నాడు. "జల్ది అల్లియ్యి. ఇంకో మాట. నీ కొడుకు ఇంటికి రాంగనే నాకు చెప్పాలె. దాచినవనుకో, మంచిగుండది."

ఇంద్రమ్మ తడి ఊలును రొమ్ముకు అదుముకుంది.

"అచ్చిండు సారూ," అన్నది. "నువ్వే తెచ్చినవు."