పాదిరీ దొర తీసుకుపోయిన రాయి

ఆ తెల్లరాయి నిజంగా క్వామగోబా కొండదేనని ఫిండీలే ఒక్క మాట చెబితే చాలు, అక్కడి ఊరు ఖాళీ అయిపోతుంది.

రాయి నగరంలోని మ్యూజియంలో ఉంది. పిడికెడంత ఉంటుంది. మధ్యలో బంగారు తీగ. నూరేళ్ళ కిందట ఎవరో పాదిరీ దొర తెచ్చి ఇచ్చాడు. దానికి అంటించిన చీటీ మీద ఈ కొండ పేరు తప్ప ఇంకేమీ లేదు. ఆ పేరు చూసుకునే ఇప్పుడొక గనుల కంపెనీ కొండ తవ్వుతానని కూర్చుంది.

పాత రాళ్ళు ఏ నేలవో తేల్చడం ఆ మ్యూజియంలో ఫిండీలే ఉద్యోగం. ఆ ఉద్యోగం మీద ఆమెకు మొదటిసారి అసహ్యం పుట్టింది.

కొండంతా తిరిగింది. తెల్లరాయి జాడ ఎక్కడా లేదు. అయినా మనసు కుదుటపడలేదు. తనకు కనబడనంత మాత్రాన లేదని ఎలా చెబుతుంది?

సాయంత్రం ఆ ఊరి మాదుబే అవ్వ పిలిచి మొక్కజొన్న సంకటి, పుల్లపెరుగు పెట్టింది. రాళ్ళతో కాపురం చేసే పిల్లకు మొగుడెక్కడ దొరుకుతాడని వేళాకోళం చేసింది. ఆ తర్వాత పశువుల దొడ్డి పక్కన తన భర్త సమాధి చూపించింది.

"కొండ తవ్వితే ఈయన్నేం చేస్తారే తల్లీ? మూటగట్టి లారీ ఎక్కిస్తారా?"

ఫిండీలే, ఆ దొర రాయి ఎక్కడ ఏరాడో ఎవరికైనా తెలుసా అని అడిగింది.

"తెలియకేం. మా అత్త కళ్ళారా చూసింది. కనుమలో బాటసారుల గుట్ట ఉందిగా, దాని మీద నుంచి ఎత్తుకుపోయాడు. సిగ్గులేని మనిషి."

పొద్దున్నే ఫిండీలే కనుమకు వెళ్ళింది. గుట్ట ఆమె ఛాతీ ఎత్తు ఉంది. ఏటి గులకరాళ్ళు, ఎర్రరాళ్ళు, నల్లరాళ్ళు, ఎక్కడెక్కడివో. దారిన పోయేవాళ్ళు ఒక రాయి తీసి, దాని మీద ఉమ్మేసి, ప్రయాణం క్షేమంగా సాగాలని గుట్టకు చేర్చిపోతారు. జోహన్నెస్‌బర్గ్ బంగారు గనుల నుంచి ఇళ్ళకు తిరిగొచ్చే మగవాళ్ళదీ ఇదే దారి. వాళ్ళలో ఎవడో పెట్టిన రాయిని చూసి, కొండదే అనుకున్నాడు ఆ అమాయకపు దొర. ఇంత చిన్న సంగతా అని ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

వేరెవరైనా అయితే గుట్టను తవ్వి చూసేవాళ్ళు. కానీ ఆ గుట్టకు పెట్టడమే తప్ప, దాని నుంచి తీయకూడదని ఫిండీలేకు వాళ్ళ నాయనమ్మ చిన్నప్పుడే నేర్పింది. తనూ ఒక రాయి ఏరి, ఉమ్మేసి, రెండు చేతులతో భక్తిగా పెట్టింది. అక్కడి నుంచే మ్యూజియానికి ఫోన్ చేసి, రాయి ఈ కొండది కాదని తేల్చి చెప్పేసింది.

ఆమె జీపు మలుపు తిరిగేదాకా ఊళ్ళో ఆడవాళ్ళంతా చేతులూపారు. తర్వాత, ఆమె వచ్చే ముందు రాత్రంతా రాళ్ళు మోసిన నడుములు పట్టుకుని ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు.

కనుమలో, ఆ గుట్ట అడుగున, బంగారు తీగలున్న తెల్లరాతి చార పక్కన, నలిగిన గడ్డి ఇంకా పచ్చగానే ఉంది.