పసుపు రాసిన మేకు

సీటు మీది రెక్సిన్ ఊడదీసి, కింది చెక్కను సీతారామాంజనేయులు బొటనవేలితో నొక్కాడు. నానిన అటుకుల్లోకి దిగినట్టు వేలు దిగిపోయింది.

“చూశావా అమ్మాయ్! ఇదీ ఆ వీరబ్రహ్మం నిర్వాకం. పుచ్చు చెక్క వేసి చక్కా పోయాడు మహానుభావుడు!”

ఆయన గొంతుకు నిజాంపట్నం రేవులో చేపల వేలంపాట కూడా ఒక్క క్షణం ఆగింది. బాపట్ల నుంచి వచ్చి, జనాన్ని మడ అడవుల్లో తిప్పే పడవ నడుపుకుంటున్న ఆయన నోరు రేవంతా ఎరిగినదే. పోయినేడు ఒక సీటు విరిగి, పెళ్లివారి తాలూకు పెద్దాయన కాళ్లు పైకీ తల కిందికీ అయిపోయాడు. ఆ పూటే ఆంజనేయులు వీరబ్రహ్మాన్ని ఇదే పాటల షెడ్డు ముందు నిలబెట్టి, దొంగ వడ్రంగి అని నలుగురిలో కడిగేశాడు. అప్పట్నుంచి రేవులో మిగతా వడ్రంగులెవరూ ఆయన పడవ ఎక్కలేదు.

ఇప్పుడు పన్నెండు సీట్లూ అదే దారి పట్టాయి. అవి మార్చేదాకా పడవ కదలకూడదని తనిఖీ ఆఫీసరు కాగితం అంటించి పోయాడు. కార్తీకమాసానికి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. ఆ నెల తప్పితే ఆంజనేయులుకు ఏడాదంతా పస్తే. సరిగ్గా అప్పుడే, పిలవకుండానే, తెనాలి నుంచి ఉమామహేశ్వరి వచ్చింది. బస్సు సీట్లు, సినిమా హాలు కుర్చీలు బాగుచేస్తుందట.

“పడవ సీట్లు చేశావా ఎప్పుడైనా?” అన్నాడు అనుమానంగా.

“చేయడం చూశానండి. ఒక్క షరతు. చెక్క ఎందుకు పాడైందో నేను తేలుస్తా. తప్పు ఎవరిదైనా, ఇక్కడే, అందరి ముందూ మీరు చెప్పాలి.”

ఆంజనేయులు పకపకా నవ్వాడు. “చెప్పడానికేముంది! ఇంకోసారి వాణ్ణి తిట్టే అవకాశం ఇస్తున్నావు. ఒట్టు!”

ఉమామహేశ్వరి ఉలి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

ఆమె పని చూస్తుంటే ఆయనకు లోలోపల ముచ్చటేసింది. నీటికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌ను పాత చెక్కల కొలతకు కోసింది. స్క్రూ పట్టే ప్రతిచోటా ముందే బెజ్జం వేసి, అందులో జిగురు పోసి, అది రాయయ్యాక మళ్లీ సన్నగా తొలిచింది. అంచులకు మూడు పూతలు, అడుగుకు మూడు పూతలు. చివరికి రెండు చెక్కలను ఉప్పునీళ్ల డ్రమ్ములో ముంచి, పైన రాళ్లు పెట్టింది.

“అయిదు రోజులు ముట్టుకోకండి,” అంది.

“అయ్యాక నా పూజ ఒకటుందిలే,” అంటూ ఆయన జేబులోని పొట్లం తడుముకున్నాడు.

ఆరో రోజు పొద్దున చెక్కలు పైకి తీసేసరికి పాటకు వచ్చినవాళ్లంతా పడవ చుట్టూ మూగారు. ఆమె గుడ్డతో తుడిచింది. చెక్క ఉబ్బలేదు, పొర లేవలేదు. పడవ నడిపే సింగరయ్య దాన్ని రెండు దుంగల మీద పెట్టి ఎక్కి గెంతాడు.

“బాబూ, ఇది నేను పోయినా ఉంటదండి!”

ఆంజనేయులు మొహం చేటంతయింది. పొట్లం విప్పాడు. పసుపు రాసిన పన్నెండు ఇనప మేకులు.

“ఏంటండి అవి?”

“దిష్టి మేకులు. మా తాతలనాటి ఆనవాయితీ. సీటుకొకటి, మూలన నా చేత్తో కొడతా. పాతవాటికీ కొట్టాగా!”

ఉమామహేశ్వరి రంపం అందుకుంది. పాత చెక్క ఒకటి తెచ్చి, స్క్రూ ఉన్నచోట అడ్డంగా కోసి ఆయన చేతికిచ్చింది.

“వాసన చూడండి. ఇది ఆయన బిగించిన స్క్రూ. బెజ్జంలో జిగురు పోసే బిగించాడు. ఒక్క చుక్క దిగలేదు.”

చెక్క లోపల పసిమి చెడకుండా ఉంది. తరవాత ఆమె మూల దగ్గర కోసింది. తుప్పుపట్టిన మేకు బయటపడింది. దాని చుట్టూ అరచేయంత నలుపు, అక్కణ్ణుంచే కుళ్లు సీటులోకి పాకింది. ఇంకొకటి కోసింది. అదే మేకు, అదే నలుపు.

“పూతలన్నీ అయ్యాక కొట్టిన మేకండి ఇది. నీళ్లు దీని వెంటే దిగాయి.”

 ఆంజనేయులుకు చెవులు వేడెక్కాయి. ఏదో అనబోయాడు. ఒట్టు గుర్తొచ్చింది. నోటి దురుసుతనం ఉన్నా, మాట తప్పిన మనిషి కాడు. షెడ్డు అరుగెక్కి, తిట్టిన గొంతుతోనే అరిచాడు.

“అందరూ వినండ్రా! తప్పు వీరబ్రహ్మానిది కాదు. నాది! చెక్క బంగారం, పని బంగారం. చెడగొట్టింది నా మేకు. ఆయన్ని దొంగ అన్నాను, నాకు సిగ్గుగా ఉంది.”

రేవు ఈలలతో, చప్పట్లతో ఊగిపోయింది. సింగరయ్య తలగుడ్డ ఎగరేశాడు. దిగి వచ్చేసరికి ఆంజనేయులుకు ఒంట్లోంచి బరువేదో దిగినట్టుంది. మేకుల పొట్లాన్ని దారంతో పడవ ముక్కుకు కట్టించాడు. దిష్టికి అది చాలనుకున్నాడు.

“గెలిచావమ్మా! కార్తీకానికి పడవ నడుస్తుంది. పాపం, ఆ వీరబ్రహ్మం ఇప్పుడెక్కడున్నాడో! కాళ్లు పట్టుకునేవాణ్ణి.”

ఉమామహేశ్వరి కొంగుతో కళ్లు తుడుచుకుని ఫోన్ చెవిన పెట్టుకుంది.

“నాన్నా, ఇక రేవుకి రా!”