చీటీ వచ్చేదాకా

‘భద్రతా కారణాల వల్ల ఈ యాడ్-ఇన్‌ను అడ్డుకున్నాం.’

కంప్యూటర్ మళ్లీ అదే మాట చూపించింది.

షబ్బీర్ ఫోన్ అందుకున్నాడు.

నల్లపాడు దగ్గరి ఆ కోల్డ్ స్టోరేజీలో చీటీలు కొట్టేది అతనే. ఏ రైతు మిర్చి ఏ గదిలో పెట్టాలో చూసి చీటీ తీసేది, ఎక్సెల్‌లో అమర్చిన ఆ చిన్న ప్రోగ్రామ్, యాడ్-ఇన్. నిన్న కంప్యూటర్ మార్చారు. కొత్తది దాన్ని నమ్మడం లేదు.

బయట ట్రాక్టర్ల వరస. పైన నల్లటి మబ్బు.

"వేణుగోపాల్ గారూ, అన్‌బ్లాక్ నొక్కానండీ. అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోంది."

"అది మీ ఓనరు గారికే తెలుసయ్యా," అన్నాడు ఆ యాడ్-ఇన్ తయారుచేసినతను, ఫోన్లో.

ఓనరు చీరాలలో పెళ్లిలో ఉన్నాడు. ఫోనెత్తడం లేదు.

రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. రైతులు పరుగెత్తి బస్తాల మీద టార్పాలిన్ పట్టాలు కప్పుకుంటున్నారు.

"నాయనా, నాకు కప్పడానికి పట్టా కూడా లేదు. తడిస్తే ఏడాది కష్టం మట్టిపాలే!" కౌలు రైతు జోహరాబీ కిటికీ ఊచలు పట్టుకుంది.

"చీటీ లేకుండా పంపితే ఎవరి బస్తాలు ఎవరివో తెలీకుండా కలిసిపోతాయమ్మా. నన్నేం చెయ్యమంటావ్?"

ఆమె వెనక నుంచి ఒక పెద్దాయన తొంగి చూశాడు. మాసిన లుంగీ, తలకు తువ్వాలు.

"బాబూ, కనీసం వరండాలో దింపించకూడదా?"

"కలిసిపోతే నువ్వొచ్చి ఏరతావా? హమాలీలు అటు పక్కన ఉండాలి. పో!"

పెద్దాయన నొచ్చుకోలేదు.

"సర్లే, పాపం నీ మీదా గట్టిగానే పడుతోంది వాన," అంటూ వెళ్లిపోయాడు.

వాన జోరందుకుంది. షబ్బీర్ మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. కిటికీలోంచి చూస్తే, ఆ పెద్దాయన జోహరాబీ బస్తాల మీద పెద్ద పట్టా పరిచి తాళ్లు బిగిస్తున్నాడు.

చివరికి ఓనరు ఫోనెత్తాడు.

పాస్‌వర్డ్ కొట్టగానే యాడ్-ఇన్ తెరుచుకుంది. ప్రింటర్ కదిలింది.

"తడిసిన సరుకు మాత్రం తీసుకోను! ఒక్క బస్తా బూజు పట్టినా గదంతా పోతుంది!" షబ్బీర్ గట్టిగా అరిచాడు.

ఒక్కో ట్రాక్టరే లోపలికి కదిలింది. జోహరాబీ బస్తాలు పొడిగా గదిలోకి చేరాయి. ఆమె పట్టా మడిచి తెచ్చింది.

"ఇదిగో మీ పట్టా. మీ హమాలీ చల్లగా ఉండాలి. ఎక్కడ పెట్టను, నాయనా?"

"మా దగ్గర పట్టాలెక్కడివమ్మా?"

"మరి ఆ పెద్దాయన..."

"ఉండమ్మా, ఇంకొక్క చీటీయే ఉంది. భావనారాయణ గారూ!" షబ్బీర్ చివరి పేరు పిలిచాడు.

ఎవరూ రాలేదు.

ఇద్దరూ బయటికి చూశారు.

చివరి ట్రాక్టర్ మీద కప్పు లేని బస్తాల నుంచి ఎర్రటి నీళ్లు కారుతున్నాయి. పక్కనే తలగుడ్డ పిండుకుంటూ, తన పేరు వినబడినా ముందుకు రాకుండా నిలబడి ఉన్నాడు ఆ పెద్దాయన.