మూడు చెవుల బల్బు

ఈ అరబ్బు దేశంల, ఘాలా ఏరియాల నా అంత డ్రైవర్ లేడు. ఏ వ్యాన్‌కైనా కండ్లు మూసుకొని ముందు లైటు బల్బు పెడత. బండి సామాన్ల షాపుల సురేందర్‌కు ఇదే గొప్పగ చెప్పుకుంట నిలబడ్డ.

"సరైనయి చూడు కాకా. రేపటి సంది రిపేరైన ఈ వ్యాన్ నేనే నడపాలె," అన్నడు.

పోయిన నెల రాత్రి పూట ఇబ్రా రోడ్డు మీద ఈ వ్యాన్‌లనే వాని అన్న గంగాప్రసాద్ సచ్చిపోయిండు. నడిపింది నేను.

"ఒంటె అడ్డమొచ్చిందిరా, ఇంటి కప్పంత ఎత్తు! తప్పించబోతే వ్యాన్ పోయి ఆగి ఉన్న టిప్పర్‌కు గుద్దింది," అని అప్పటి సంది అందరికీ చెప్తున్న.

పగలకుండ మిగిలిన లైటుల నుంచి తీసిన పాత బల్బును షాపాయన తిప్పి తిప్పి చూసిండు.

"దీనికి లైటుల పట్టుకునేటి రేకు చెవులు మూడుండాలె. ఒకటి ఆకురాయితోటి అరగదీసిన్రు. ఇది ఈ వ్యాన్‌ది కాదు. ఇట్ల ఇరికిస్తే వెలుగు రోడ్డు మీద పడదు, ఆకాశంల పడుతది."

సురేందర్ ఆ బల్బు అందుకొని అరిగిన చోట బొటనవేలితోటి తడిమిండు.

"ఎవరు పెట్టిన్రు కాకా?"

"నేనే. డ్యూటీకి ఆలస్యమైతుందని."

"కండ్లు మూసుకొనేనా?"

"అవు."

"టిప్పర్ ఎప్పుడు కనవడ్డది?"

"గుద్దినంక."

వాడు తిట్టలె. సరైన బల్బులు రెండు తీసుకున్నడు.

"మా అమ్మ రోజూ ఆ ఒంటెకు శాపాలు పెడుతుంది, కాకా," అన్నడు. అమ్మకు ఫోన్ కలిపి నా చేతుల పెట్టిండు.

"వదినా," అన్న, "ఇంక ఆ ఒంటెను తిట్టకు. అది నేను పుట్టించిన ఒంటె."