రైలు లేని ఊళ్ళో డ్రైవరు

"మామా, మీకోసమే తెచ్చినా. పొగబండి నడిపే ఆట. అందరి ముందరా మీరే నడపాల," అన్నాడు కొత్తల్లుడు శ్రీనివాసమూర్తి, కంప్యూటరు తీగలు కలుపుతూ.

మునికృష్ణప్ప గుండెల్లో రైళ్ళు పరుగెత్తాయి. నిజం చెప్పాలంటే, ఆయన జన్మలో నడిపిన రైళ్ళు అవే.

బాగేపల్లికి రైలు లేదు. అందుకే ఆ ఊళ్ళో ఆయన ఇన్నేళ్ళుగా ఇంజన్ డ్రైవరుగా చెలామణి అయిపోయాడు. బెంగళూరు గూడ్సు షెడ్డులో ఆయన చేసింది బస్తాలు మోయడం. పెళ్ళి కుదిర్చిన మధ్యవర్తి పిల్ల ఊరు పరగోడుకు వెళ్ళి, "పిల్లోడు రైలింజన్ డ్రైవరు" అని ఒక మాట విసిరాడు. ఆ మాట నమ్మి తిమ్మక్క తాళి కట్టించుకుంది. వీధిలో "డ్రైవరమ్మా" అని ఎవరైనా పిలిస్తే ఆమె ముఖం వెలిగిపోయేది. ఆ ముఖం చూశాక కాదని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. వారానికోసారి ఇంటికొచ్చే మనిషి అక్కడేం చేస్తున్నాడో ఎవరు చూడొచ్చారు?

ఈ రోజు అందరూ చూస్తారు. తిమ్మక్క కూడా చూస్తుంది.

"మధ్యలో కరెంటు పోతాదేమో కదప్పా?" అన్నాడు ఆశగా.

"పోనీ మామా. యూపీఎస్ గూడా తెచ్చినా."

రోజూ పోయే కరెంటు ఆ రోజు పోనేలేదు.

తిమ్మక్క వీధి వీధినంతా పిలిచింది. అంతటితో ఊరుకుందా? "వెంకటరాయప్పన్నను గూడా రమ్మన్నా. నువ్వెంత బాగా నడిపేదీ ఆయనైతే సరిగ్గా చెప్తాడు" అంది.

గోరుచుట్టు మీద రోకటిపోటు. వెంకటరాయప్ప ఆ ఊళ్ళో రెండో రైల్వే మనిషి. హుబ్బళ్ళి వైపు ఇంజన్లు నడిపి రిటైరయ్యాడని ఊరంతా అనేది. ఆయన ఒక సందులో ఎదురైతే మునికృష్ణప్ప ఇంకో సందులోకి తిరిగేవాడు. ఏ పెళ్ళిలోనో ఒకే బంతిలో కూర్చోవాల్సి వచ్చినా మాటలు "బాగుండావా" దగ్గరే ఆగిపోయేవి.

ఆ వెంకటరాయప్ప వచ్చాడు. ముందు వరుసలో కుర్చీ వేశారు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, చేతులు కట్టుకుని, తెర వైపు ఒకటే చూపు చూస్తూ కూర్చున్నాడు.

తెర మీద ఇంజను లోపలి భాగం కనబడింది. మండే పొయ్యి, ముళ్ళు కదిలే గడియారాల్లాంటివి, ఇనుప పిడులు. ఏ పిడి దేనికో ఆ దేవుడికే తెలియాలి.

"నాయనా, ఏది ఏందో మాకు గూడా చెప్పు," అంది కూతురు నేత్ర.

"చెప్తా కూర్చుంటే బండి నడిపేదెప్పుడు?"

అన్నిటికన్నా పెద్ద పిడి మీద మౌసు నొక్కాడు. బండి కదల్లేదు. ఇంకా లాగాడు. ఊహూ.

"ఏమప్పా, పోవడంలేదే?" అన్నాడు పక్కింటి నరసింహయ్య.

"ఆవిరి పట్టాల గదా? ఇదేమన్నా ఆటో అనుకున్నావా?" అన్నాడు మునికృష్ణప్ప. అందరూ వెంకటరాయప్ప వైపు తిరిగారు.

ఆయన తలాడించాడు. "అవును. ఆవిరి పట్టాల," అన్నాడు.

అల్లుడు మెల్లగా వంగి, "మామా, బ్రేకు తీసినారా?" అన్నాడు.

"తీస్తాండా, తీస్తాండా."

ఏది బ్రేకు? కంటబడిన పిడినల్లా మౌసుతో లాగేశాడు. బండి ఒక్క కుదుపుతో కదిలింది. ఇల్లంతా చప్పట్లు. తిమ్మక్క చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

కదిలిన బండి ఇక ఆగే దారి కనబడలేదు. చెట్లు, స్తంభాలు, గేట్లు వెనక్కి పారిపోతున్నాయి. ఒక ముల్లు ఎర్రగీత దాటింది. మునికృష్ణప్ప చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఏదో నొక్కితే కూత పడింది. ఇంకేదో నొక్కితే వేగం ఇంకా పెరిగింది. స్టేషను వచ్చింది. ప్లాట్‌ఫారం మీద మనుషులు నిలబడి ఉన్నారు. స్టేషను పోయింది కూడా.

తెర ఆగిపోయింది. ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి.

"ఏమంటాండాది?" అంది తిమ్మక్క.

"స్టేషన్లో నిలపలేదంట అత్తా. ఆట అయిపాయనంట," అన్నాడు అల్లుడు, తప్పు తనదే అయినట్టు.

తిమ్మక్క ముఖం చిన్నబోయింది. మొగుడి వంక చూసి, నెమ్మదిగా వెంకటరాయప్ప వైపు తిరిగింది. "అన్నా, ఇట్ల ఎందుకాయ?"

మునికృష్ణప్ప మౌసు వదిలేశాడు. ఇక అయిపోయింది, ఈ మనిషి నోరు తెరిస్తే తన బతుకు బజారున పడినట్టే.

వెంకటరాయప్ప గొంతు సవరించుకున్నాడు.

"ఇది మెయిలు బండమ్మా. మెయిలు బండి చిన్న స్టేషన్లో యాడన్నా నిలుస్తాదా? మునికృష్ణప్ప చేసిందే సరి. కంప్యూటరుకేం తెలుసు?"

ఇల్లు మళ్ళీ చప్పట్లతో నిండింది. తిమ్మక్క అల్లుడి వంక గర్వంగా చూసి, కాఫీలు తేవడానికి లోపలికి వెళ్ళింది.

మునికృష్ణప్ప భయం మాత్రం రెండింతలయింది. కాపాడాడంటే కనిపెట్టేశాడనే కదా అర్థం.

వెంకటరాయప్ప లేచి వచ్చి ఆయన భుజం గట్టిగా పట్టుకున్నాడు. "రొంత పెరట్లోకి రా. నీతో ఒక మాట ఉండాది."

వెళ్ళక తప్పలేదు. కాళ్ళ మీద పడైనా సరే, తిమ్మక్కకు మాత్రం చెప్పొద్దని బతిమాలుకోవాలి అనుకున్నాడు.

వెంకటరాయప్ప పెరటి తలుపు దగ్గరికి వేసి, అటూ ఇటూ చూసి, గబుక్కున రెండు చేతులూ జోడించాడు.

"నీకు దండం పెడతా, నేను ఇంజను ఎక్కిందే లేదు, ఈ మాట ఎవురికీ చెప్పొద్దప్పా, వచ్చే ఆదివారం మా అల్లుడు గూడా ఇదే ఆట తెస్తాండాడు, ఆ ఇంజను ఎట్ల కదిలిస్తారో నాకు రొంత నేర్పిచ్చు!"